గాజురేకు కింద పలకలమేస్త్రి

గాజురేకు కింద ఉన్న నీటిచుక్క గంటకు మించి ఉండదు. ఆ గంట లోపల వుబ్బో మాస్టారు వచ్చి, బూట్లు విప్పి, ఈ కుర్చీలో కూర్చుని, మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించాలి. ఆయన కన్ను ఆనించిన ఆ కాసేపట్లోనే చుక్కలో ఉన్న ప్రాణి తన గుల్లలోంచి వేలు లాంటి కాలు బయటికి చాపాలి. రెంటిలో ఏది తప్పినా ఆయన నలభై ఐదేళ్ల వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. హిల్లీ గోడ గడియారం వైపు చూసింది. పది కావడానికి పది నిమిషాలు. ఫోన్ పెట్టేసి నాలుగు నిమిషాలైంది. అటువైపు నుంచి ఆయన గొంతు సవరించుకుని, "ముప్పావు గంటలో వస్తాను, దాన్ని కదపకు" అన్నాడు. పక్క ఊరి నుంచి సైకిల్ మీద పావుగంట దారి. ముప్పావు గంట ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఎదురుగాలి కాబోలు అనుకుని మళ్లీ ఐపీస్ మీదికి వంగింది. వంగగానే గడియారం, వంటింట్లో గిన్నెల చప్పుడు, ఇంకా ఉతకని కర్టెన్లు, అన్నీ వెనక్కి పోయాయి. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపినప్పుడు కూడా ఇంతే. డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు మూసే మీట నొక్కగానే ఇల్లు వెనక్కి పోయేది, రోడ్డు మిగిలేది. ఇప్పుడు రోడ్డు కూడా లేదు. గుండ్రటి వెలుగు, అందులో ఇది.

ఇది, అంటే మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఒక గాజు కూజా. మూతి కిందికి, పొట్ట పైకి. కూజా అంతా చదరపు పలకలు, ఒక్కొక్కటీ ఎవరో కొలబద్ద పెట్టి కోసినట్టు నాలుగు మూలలూ సమానంగా. మిగతా గుల్ల అమీబాలు కనిపించిన ఇసుకరేణువునల్లా ఏరుకొచ్చి ఒంటికి అంటించుకుంటాయి. కొన్ని పక్కవాడి గుల్లలోంచి దొంగిలిస్తాయి కూడా. ఇది అలాంటిది కాదు. తన పలకలు తనే పోసుకుంటుంది, తనే పేర్చుకుంటుంది. అందుకే మడుగు నీళ్లలో ప్రాణుల్ని వెతికే వాళ్ల నీటిచుక్కల సంఘంలో దీన్ని పలకలమేస్త్రి అంటారు. పొట్టివి అప్పుడప్పుడు దొరుకుతాయి. ఇది పొడుగుది, నడుం సన్నది. నక్కమడుగు నుంచి తెచ్చిన నాచును పిండి, ఆ నీళ్లు పదకొండు స్లైడు పలకల మీద చుక్కలుగా వేసి, పొద్దున ఆరున్నర నుంచి ఒక్కో పలకనూ పొలం దున్నినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి వెతుక్కుంటూ పోతే, పదకొండో దానిలో, ఇక కాఫీ పెట్టుకుందామని లేవబోతుండగా, మూల నుంచి మెల్లగా నడిచి వచ్చింది. నడిచి రావడమే అసలు సంగతి. ఖాళీ గుల్ల అయితే లెక్కలోకి రాదు. నక్కమడుగు అడుగున వేల ఏళ్ల నాటి నల్లమట్టి ఉంది. హిల్లీ తాత ఆ మట్టినే ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలోకి అమ్మేవాడు. ఆ మట్టిలో చచ్చినవాటి గుల్లలు చెక్కుచెదరకుండా ఉంటాయి, కాస్త కలిస్తే పైకి తేలతాయి. గుల్లను చూసి ఇది ఇక్కడ బతుకుతోంది అంటే, శ్మశానంలో రాయి మీద పేరు చూసి ఆయన ఇంట్లో ఉన్నాడా అని అడిగినట్టే. ప్రాణంతో చూడాలి. ఇద్దరు చూడాలి. ఒకే చుక్కలో, వాళ్ల కళ్లతో. అప్పుడే సంఘం అట్టపెట్టెలో దాని పేరున కార్డు పడుతుంది. ఆ నియమం పెట్టింది వుబ్బో మాస్టారే.

"ఫోనుతో వీడియో తియ్యరాదా?" అన్నాడు ఆమె భర్త లామెర్ట్, వెనక నుంచి. సాక్సులతో వచ్చాడు. చెక్కబూట్లతో ఈ గదిలో అడుగుపెడితే చంపేస్తానని ఆమె ఎప్పుడో చెప్పి ఉంచింది.

"తీశాను. వణికింది. అయినా వీడియో చూడటం, పెళ్లి ఫోటో చూసి పెళ్లికి వెళ్లొచ్చామనుకోవడం ఒకటే."

"ఏదీ, నన్ను చూడనీ." అతను మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగాడు. నలభై ఏళ్లు ఈ జిల్లా వీధులన్నిటికీ ఇటుకలు పరిచిన మోకాళ్లవి. కాసేపు ఊపిరి బిగబట్టి చూశాడు. "మనవాడే. కానీ హిల్లీ, వీడికి పని సరిగ్గా రాదు. చదరాలు వరస మీద వరస వేసేశాడు. సగం ఇటుక తప్పించి వెయ్యాలి కదా. నా కింద పనిచేస్తే మొత్తం పీకించి మళ్లీ వేయించేవాణ్ణి."

"వాడి ఇంటి మీద లారీలు తిరగవులే."

"సరే, నేనూ చూశాను. ఇద్దరం అయ్యాం. కార్డు రాసెయ్."

"నువ్వు సంఘంలో లేవు."

"పదిహేను యూరోలేగా. ఇప్పుడే చేరతాను."

"ఇరవై ఏళ్లుగా చేరమంటే చేరలేదు. ఇవాళ చేరితే మాస్టారు నీ తలకాయ పగలగొడతాడు. పో, కాఫీ పెట్టు. చప్పుడు చెయ్యకుండా పెట్టు."

అతను వెళ్లాడు. చప్పుడు చెయ్యకుండా ఎలా పెట్టాలో తెలియక, గిన్నె ఒకటి కింద పడేసి, తనకు తనే ఉష్ అనుకున్నాడు. హిల్లీకి నవ్వొచ్చింది. నవ్వితే బల్ల కదులుతుందని ఆపుకుంది.

చుక్క అంచు పొడిబారుతోంది. నాలుగు మూలలా వాసెలీన్ బొట్ల మీద నిలిచిన గాజురేకు కింద, ఎడమవైపు నుంచి గాలి సన్నటి నాలుకలా లోపలికి వస్తోంది. పిప్పెట్‌తో సీసాలోని మడుగు నీళ్లు ఒక బొట్టు అంచున వదిలింది. నాలుక వెనక్కి తగ్గింది. ఇలా వదలడం ఆయనే నేర్పాడు. అప్పుడామెకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి, శనివారం బడి అయిపోయాక పిల్లలందరూ వెళ్లిపోతే, జామ్ సీసాలో గుంట నీళ్లు తెచ్చి ఇత్తడి మైక్రోస్కోప్ ముందు ముక్కాలి పీట వేసి, "రా, హిల్లీ, కూర్చో. నీకు కొత్త ఊరు చూపిస్తాను" అన్నాడు. అప్పుడాయనకు పాతికేళ్లు, కోటు మోచేతుల దగ్గర తోలు ముక్కలు, జేబులో ఉప్పగా ఉండే నల్ల బిళ్లలు. ఆయన ముందు తను చూశాడు, మర చాలాసేపు తిప్పాడు, తర్వాత లేచి చోటిచ్చాడు. చూసేసరికి వెలుగు నడిమధ్యన, సూదితో గుచ్చి పెట్టినంత సరిగ్గా మధ్యన, ఒక పచ్చటి బంతి దొర్లుతోంది. "ఎప్పుడైనా ఎవరికైనా చూపిస్తే ఇలా మధ్యలో పెట్టి ఇవ్వాలి. ఇంటికొచ్చినవాళ్లకి కుర్చీ వేసినట్టు. వెతుక్కోమనకూడదు." యాభై ఏడేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. లామెర్ట్‌కి కూడా, పళ్ల డాక్టరుకి కూడా, దారి తప్పి వచ్చిన పోస్ట్‌మాన్‌కి కూడా, మధ్యలో పెట్టే చూపించింది. వెలుగులో అది కుడికి రావాలంటే పలకను ఎడమకు జరపాలి, పైకి రావాలంటే కిందికి. చేతికి అది అలవాటు కావడానికి పొడుగు బస్సును వెనక్కి నడపడం నేర్చుకున్నంత కాలం పట్టింది. ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు. వేళ్లకే తెలుసు.

ఆ తర్వాత కొన్నేళ్లకు, ఆమె బస్సు నడపడం మొదలుపెట్టిన ఏడాదే, ఆయన నక్కమడుగులో పొడుగు పలకలమేస్త్రి గుల్ల ఒకటి చూశాడు. ఖాళీది. మూతి విరిగినది. సంఘంలో పెద్దవాళ్లు అది పాత నల్లమట్టిలోంచి తేలిందన్నారు. ఆయన కాదన్నాడు. పలకల మీద మట్టి రంగు ఎక్కలేదు, గాజులా తెల్లగా ఉన్నాయి, ఇది నిన్నమొన్న చచ్చినది అన్నాడు. చూపించు మరి అన్నారు. అంతే. నలభై ఐదేళ్లు. మంచు కరిగే మార్చి నుంచి మంచు పట్టే నవంబరు దాకా, నెలకోసారి, రబ్బరు బూట్లతో మడుగు చుట్టూ తిరిగి, నాచు పిండి, ఇంటికి తెచ్చి, ఏమీ లేక. పెద్దవాళ్లందరూ పోయారు. కాదన్న నోళ్లు ఒక్కటీ మిగల్లేదు. అట్టపెట్టెలో ఒక కార్డు మాత్రం అలాగే ఉంది. పైన పేరు ఆయన చేతిరాతతో, చీమల బారులాంటి చిన్న అక్షరాలతో, కింద 'ప్రాణంతో చూసినవారు' అన్నచోట రెండు ఖాళీ గీతలు. ఆ గీతల మీద తన పేరూ ఆయన పేరూ పక్కపక్కన పడటం ఆమె మనసులో ఇప్పటికే పదిసార్లు చూసుకుంది. ఆయన పేరు ముందు. తనది తర్వాత. ఆయనకు ఎనభై రెండు దాటాయి.

కానీ ఆయన మళ్లీ 'ఏమీ లేదు' అంటే?

ఐపీస్ మీంచి లేచి కిటికీ వైపు చూసింది. ఫిబ్రవరిలో, గ్రంథాలయం వెనక గదిలో సంఘం కూడినప్పుడు, ఆమె మూడు స్లైడు పలకలు పట్టుకెళ్లింది. మూడూ మంచివే. ఒకదానిలో పళ్లలాంటి అంచున్న పంటి మూతి అమీబా, ఒకదానిలో మెడ వంకరది, ఒకదానిలో పేరు తెలియనిది. మూడూ బతికున్నవే, మూడూ సరిగ్గా మధ్యలో పెట్టింది. ఆయన ఒక్కోదాని ముందూ చాలాసేపు కూర్చున్నాడు. మర తిప్పాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ చూశాడు. "ఇక్కడేమీ లేదు, హిల్లీ" అన్నాడు, మూడుసార్లూ, అదే గొంతుతో, మర్యాదగా. ఆమె తిరిగొచ్చేటప్పుడు కారులో లామెర్ట్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకో ఆమెకు తెలుసు. నీలం గుల్ల. రెండేళ్ల కిందట ఒక సీసాలో నీలంగా మెరిసే గుల్ల కట్టుకున్న అమీబా దొరికింది. లోకంలో ఎవరూ చూడనిది అనుకుని, నిలబడి, కొత్త జాతి అని ప్రకటించింది. మాస్టారు ఒక్కసారి చూశాడు. ఒక్కసారే. లేచి, అందరి ముందూ అడిగాడు, "లామెర్ట్ మీ స్నానాలగదికి ఏ రంగు టైల్స్ వేశాడు?" సీసా పది రోజులు లామెర్ట్ టైల్స్ కోసే బల్ల కింద ఉంది. ఆ పొడి నీళ్లలో పడింది. పాపం ఆ అమీబా దొరికినదానితో ఇల్లు కట్టుకుంది. గది గదంతా పగలబడి నవ్వింది, ఆమె కూడా నవ్వింది, లామెర్ట్ అయితే తన టైల్స్‌కి ఇంత పేరొచ్చినందుకు ఇంకా గర్వంగానే ఉన్నాడు. కానీ అప్పటి నుంచి తను ఏం చూపించినా ఆయన చూడకముందే తీర్పు చెప్పేస్తున్నాడేమో అన్న ముల్లు ఒకటి లోపల ఉండిపోయింది. నలభై ఐదేళ్లు వెతికినది ఎదురుగా పెడితే కూడా, టైల్స్ హిల్లీ తెచ్చింది కదా అని, ఆయన కళ్లజోడు తుడుచుకుని, 'ఇక్కడేమీ లేదు' అంటే.

బల్ల వణికింది.

ముందు వేళ్లకు తెలిసింది, తర్వాత చెవికి. వీధిలో డబడబమని ఇటుకలు అదిమే యంత్రం. గొట్టాలు వేయడానికి తవ్విన చోట వారం నుంచి పని జరుగుతోంది. ఇవాళ వీళ్ల గుమ్మం దాకా వచ్చారు. ఆమె ఐపీస్ మీద పడింది. వెలుగంతా పైకీ కిందికీ గిలగిలలాడుతోంది. కూజా మూతి దగ్గర ఒక్క క్షణం ముందు దాకా ఉన్న వేలు, ఆ పారదర్శకమైన, నిదానమైన, ఎటు వెళ్లాలో తోచినప్పుడల్లా చాచుకునే వేలు, లోపలికి పోయింది. ఖాళీ కూజా. ఇప్పుడెవరైనా చూస్తే చచ్చిన గుల్ల.

"లామెర్ట్!"

"విన్నాను, విన్నాను."

తలుపు తీసిన చప్పుడు. మెట్టు మీద చెక్కబూట్ల టకటక. తర్వాత అతని గొంతు, వీధినంతా కప్పేసేలా: "ఆపండ్రా అబ్బాయిలూ! ఆ యంత్రం ఆపి ఈ ఇటుకల సందులు చూడండి. దీన్ని పరచడం అంటారా? నా మనవరాలు బ్రెడ్డు మీద చాక్లెట్ పొడి ఇంతకంటే వరసగా చల్లుకుంటుంది!" యంత్రం ఆగింది. ఎవరో ఏదో అన్నారు, ఎవరో నవ్వారు. మళ్లీ తలుపు. లామెర్ట్ వంటింట్లోకి వెళ్లి, కాఫీ జాడీతో, చంకలో బిస్కెట్ల డబ్బాతో మళ్లీ బయటికి పోవడం ఆమె ఓరకంట చూసింది. బిస్కెట్ల డబ్బా! ఈ ఇంట్లో కాఫీకి ఒక బిస్కెట్, మూత పెట్టెయ్యడం, అంతే. వాళ్లమ్మ కాలం నుంచీ అంతే, ఊరంతా అంతే. అతను డబ్బాను డబ్బాగానే ఎత్తుకెళ్లాడు. ఇతన్ని చేసుకుని నలభై రెండేళ్లయింది. ఒక్కోసారి ఎందుకు చేసుకుందో ఇలా ఉన్నట్టుండి గుర్తొస్తుంది.

పది దాటి పన్నెండు నిమిషాలు. దాన్ని తొందరపెట్టడానికి లేదు. బెదిరింది. బెదిరినవాళ్లను వదిలెయ్యాలి. బస్సులో ఎవరైనా ఏడుస్తూ కూర్చుంటే వెనక్కి తిరిగి చూసేది కాదు, దిగే చోట రెండు క్షణాలు ఎక్కువ ఆపేది, అంతే. దీపం తగ్గించింది. ఇంకో బొట్టు నీళ్లు వదిలింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. గదిలో నాచు వాసన, తడిసిన నేల వాసన, దాని వెనక కాఫీ వాసన. ఏప్రిల్ ఎండ కిటికీ అంచున వరసగా పెట్టిన సీసాల మీద పడి, ఒక్కో సీసా ఒక్కో రకం పచ్చగా ఉంది. అరవై ఆరేళ్ల మనిషికి పొద్దున పదిగంటలకు ఇంతకంటే ఏం కావాలి? ఏమీ అక్కర్లేదు. ఆ వేలు ఒక్కటి తప్ప.

మసక వెలుగులో కూజా మూతి దగ్గర ఏదో ఉన్నట్టుంది, లేనట్టుంది. సూటిగా చూస్తే లేదు. మళ్లీ చూసింది. లేదు. కన్ను అలసిపోయి, కూజాను వదిలి పక్కనున్న నాచు ముక్క మీద వాలింది. అప్పుడు కనిపించింది. ఉంది. వేలు. సన్నగా, నీటి కంటే ఒక్క పిసరు చిక్కగా, కదులుతోంది. సూటిగా చూడగానే మళ్లీ మాయం. పక్కకు చూస్తే ఉంది. మసకలో కన్ను ఇలాగే చేస్తుందని ఆమెకు తెలుసు. వేకువన బస్సు తీసేటప్పుడు మసక నక్షత్రాన్ని ఇలాగే పట్టుకునేది, దాని పక్కనున్న చీకటిని చూస్తూ. అమ్మ కూడా ఇలాగే. చివరి రోజుల్లో అమ్మ టీవీ చూసేటప్పుడు కిటికీలో పూలకుండీని చూస్తూ కూర్చునేది. టీవీ అటుంటే ఇటు చూస్తావేంటమ్మా అని నవ్వితే, "అటు చూస్తే నడిమధ్య బూడిద మచ్చే తల్లీ. ఇటు చూస్తేనే అటున్నది కనిపిస్తుంది" అనేది. చూపు నడిమి భాగాన్ని తినేసిన జబ్బు. అంచులు మిగిల్చింది. హిల్లీ మొహం చూడాలనిపించినప్పుడు అమ్మ గోడ మీద గడియారం చూసేది. చూసి, "జుట్టు కత్తిరించుకున్నావా?" అనేది. సరిగ్గానే అడిగేది. అమ్మ తన కళ్లలోకి చూడకుండా మాట్లాడుతుంటే మొదట్లో ఎంత బాధగా ఉండేదో. చెవి దగ్గర ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, వాళ్లతో మాట్లాడుతున్నట్టు.

చెవి దగ్గర.

హిల్లీ ఐపీస్ మీంచి తలెత్తింది. చెవి దగ్గర ఇంకెవరో నిలబడి ఉన్నట్టు మాట్లాడే మనిషి ఇంకొకరున్నారు. జనవరిలో ఆమె పుట్టినరోజున, గుండ్రంగా వేసిన కుర్చీల్లో అందరూ అందరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే, మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆమె చెవిపోగును చూస్తూ అభినందించాడు. కొత్త చెవిపోగులు కదా అనుకుని మురిసింది. ఆయన ముందున్న కేకు ముక్క అలాగే ఉండిపోయింది. ఆకలి లేదేమో అనుకుంది. కిందటి శరదృతువులో కారు అమ్మేశాడు. కాళ్లు తుప్పు పడుతున్నాయన్నాడు. కార్డులు రాయడం మానేశాడు. చెయ్యి వణుకుతోందన్నాడు. కానీ ఫిబ్రవరిలో ఆ చెయ్యి మర మీద రాయిలా నిలకడగా ఉంది, ఆమె చూసింది. మొన్న మడుగు దగ్గర ఎదురుగా నిలువెత్తు గుంజ ఉంటే దాన్ని గుద్దుకుని, గుంజకి క్షమాపణ చెప్పాడు. అందరూ ఆయన హాస్యానికి నవ్వారు. మరుక్షణం, "అదిగో కొంగ లేచింది" అన్నాడు. ఎక్కడో కుడివైపు రెల్లులోంచి లేచిన కొంగ. కుర్రకళ్లవాళ్లెవరికీ ముందు కనిపించలేదు. పావుగంట దారికి ముప్పావు గంట. కిటికీ అవతల చెట్టుకు ఒక్క ఆకు కదలడం లేదు. ఎదురుగాలి లేదు. ఆయన సైకిల్ ఎక్కి రావడం లేదు. దాన్ని పట్టుకుని నడిచి వస్తున్నాడు.

మూడు పలకలు. మూడూ సరిగ్గా మధ్యలో. ఆయన నేర్పినట్టే, కుర్చీ వేసినట్టే, సూదితో గుచ్చినట్టే, బూడిద మచ్చ నడిబొడ్డున పెట్టి ఇచ్చింది. ఆయన వంగి, మచ్చను చూసి, ఉన్నమాట చెప్పాడు. ఇక్కడేమీ లేదు, హిల్లీ. ఆమె రెండు నెలలు ఆయన మీద అలిగింది.

ఆమెకు ఏడవాలనిపించలేదు. చిత్రంగా, ఒళ్లంతా తేలికైంది. రెండేళ్ల ముల్లు ఎవరో వేలితో తీసి పారేసినట్టు. ఆయన ఆమెను నమ్మకపోవడం ఎప్పుడూ జరగలేదు. తర్వాత వెంటనే భయం వేసింది. ఇప్పుడు కూడా కూజా మధ్యలోనే ఉంది. వేళ్లకు అలవాటైన చోటే ఉంది. పది ఇరవై ఎనిమిది. వీధి మలుపులో సైకిల్ చైను టిక్కుటిక్కుమంటూ ఎవరో నడిపించుకొస్తున్న చప్పుడు. ఆమె పలక మర పట్టుకుంది. వేళ్లు వినలేదు. యాభై ఏడేళ్లు ఒకటే దిక్కుకు నడిచిన వేళ్లు. మెల్లగా, ఎడమకు, ఇంకా ఎడమకు. వెలుగులో కూజా మధ్యనుంచి కదిలి, కుడి అంచుకు, గోడకు ఆనుకుని కూర్చున్న అతిథిలా, ఇంకొంచెం జరిపితే బయటికి పోయేటంత అంచుకు వెళ్లింది. దీపం పూర్తిగా పెంచింది. పెద్దగా చూపే కటకం తిప్పి పెట్టి, బయటికి పోయిన కూజాను మళ్లీ కుడి అంచుకు తెచ్చింది. కూజాతో వెలుగులో పావు వంతు నిండింది. నడిమి చోటంతా ఖాళీ.

గుమ్మం దగ్గర లామెర్ట్ గొంతు. "రండి మాస్టారు. బూట్లు ఇక్కడ. అడుగు మెల్లగా వెయ్యండి, లోపల పిల్ల నిద్రపోతోంది."

"యంత్రం ఆపించావట. ఏం పెట్టి ఆపించావు?"

"మనిషికి రెండు బిస్కెట్లు."

"రెండా!" అన్నాడు మాస్టారు. నిజంగా భయపడ్డాడు. "ఊళ్లో తెలిస్తే?"

ఆయన గదిలోకి వచ్చాడు. నడిచి నడిచి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆమె చెవిని చూస్తూ, "ఎక్కడ?" అన్నాడు. ఆమె లేచింది. ఆయన కుర్చీ వీపును చేత్తో తడిమి పట్టుకుని కూర్చున్నాడు. కుర్చీ కాలు నేలకు కొట్టుకుంది. హిల్లీ కళ్లు మూసుకుంది. ఆయన వంగాడు. వీధిలో కూడా ఎవరూ మాట్లాడటం లేదు. లామెర్ట్ వాళ్లకేం చెప్పాడో ఏమో. ఒక నిమిషం. ఆయన మర ముట్టుకోలేదు. రెండు నిమిషాలు. కుర్చీ చప్పుడుకు వేలు లోపలికి పోయి ఉంటుంది. ఆమె చూడటానికి లేదు. అడగటానికి లేదు. గాజురేకు అంచున పొడి నాలుక మళ్లీ లోపలికి వస్తూ ఉంటుంది. కళ్లు తెరిచి, చెయ్యి ఆయన భుజం మీదుగా చాపి ఒక బొట్టు వదిలింది. ఆయన జేబులోంచి నల్ల బిళ్ల తీసి నోట్లో వేసుకున్నాడు, ఐపీస్ వదలకుండా. నాలుగు నిమిషాలు. ఆరు. ఇదే గది, ఇదే ఎండ, సీసాలు అవే. ఆయన 'ఇక్కడేమీ లేదు' అంటే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించుకోలేదు. ఆలోచించకూడదనుకుంది.

"కదిలింది" అన్నాడు వుబ్బో మాస్టారు.

హిల్లీ చేతిలోని పిప్పెట్ బల్ల మీద పెట్టేసింది.

"అంచున. కుడి అంచున. పలకలు లెక్కపెట్టలేను గానీ వేలు కదిలింది. ఇంకోటి వస్తోంది. రెండు. అబ్బ, ఎంత నిదానం. నేనూ ఇలాగే నడిచొచ్చాను ఇవాళ." ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. అలాగే వంగి, చాలాసేపు, చెంప మీంచి కారుతున్నది తుడుచుకోకుండా చూశాడు. "బతికే ఉంది. చెప్పానా లేదా వాళ్లకి? మట్టి రంగు ఎక్కలేదని చెప్పానా లేదా?"

"చెప్పారు మాస్టారు."

"ఒక్కడూ వినపడేంత దూరంలో లేడిప్పుడు." తర్వాత, తల ఎత్తకుండానే, తరగతి గదిలోని ఆ పాత గొంతుతో, "హిల్లీ. అతిథికి ఎక్కడ పెట్టి ఇవ్వాలి?"

"మధ్యలో."

"మరి ఇదేమిటి?"

"చెయ్యి జారింది మాస్టారు."

ఆయన ఐపీస్ వదిలి నిటారుగా కూర్చున్నాడు. ఆమె వైపు తిరిగి, ఆమె వెనకున్న కిటికీని చూశాడు. అంటే ఆమెనే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. "ముక్కాలి పీట మీద కూర్చున్నప్పటి నుంచి చూస్తున్నాను. నీ చెయ్యి ఎప్పుడూ జారలేదు." లామెర్ట్ వైపు వేలు చూపించి, "వీడికి చెప్పావా?" అన్నాడు.

"లేదు. నాకే పావుగంట కిందట తెలిసింది."

"ఏంటి తెలిసింది?" అన్నాడు లామెర్ట్.

"నీ బిస్కెట్ల సంగతి" అన్నాడు మాస్టారు. ఆమె కార్డు తెచ్చి, కలం ఆయన వేళ్ల మధ్య పెట్టి, వేలి కొనను ఖాళీ గీత మొదట్లో ఆనించింది. ఆయన రాశాడు. చీమల బారు కాదది. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి, కార్డు అంచు దాకా ఎక్కిపోయాయి. హిల్లీకి చోటు మిగల్లేదు. ఆమె తన పేరు మూలన, నిలువుగా, చిన్నగా రాసుకుంది. ఆయన కలం మూత పెట్టి, జేబులోంచి నల్ల బిళ్లల సంచీ తీసి ఆమెకొకటి, లామెర్ట్‌కొకటి ఇచ్చాడు. తను ఇంకోటి వేసుకున్నాడు.

"ఫిబ్రవరిలో మూడు తెచ్చావు కదా. ఆ నీళ్లు ఉంచావా?"

"కిటికీలో ఉన్నాయి."

"తీసుకురా. మళ్లీ చూస్తాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ చెయ్యి ఇందాక ఎటు జారిందో అటే జారనివ్వు."

లామెర్ట్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అర్థమైనట్టే ఉంది. కిటికీలోంచి వీధిలోకి తొంగి చూశాడు. "వాళ్లు లేచి చేతులు దులుపుకుంటున్నారు, హిల్లీ. డబ్బా ఖాళీ. ఇప్పుడేం పెట్టి ఆపను?"

"ఆదివారానికని చేసిన కేకు ఉంది."

"మొత్తమా?"

"మొత్తం. నీకొక ముక్క ఉంచుకో."

చెక్కబూట్లు మెట్టు దిగి వెళ్లాయి. హిల్లీ కిటికీలో వరస చివరి సీసా తీసి, అడుగున పేరుకున్నదాన్ని మెల్లగా కలిపి, ఒక చుక్క కొత్త పలక మీద వేసి, పై గాజురేకు వాల్చింది. వెతికింది. పంటి మూతిది నాలుగో వరసలోనే దొరికింది. వేళ్లు అలవాటుగా దాన్ని మధ్యకు తెచ్చాయి. ఆమె ఆగి, వాటిని ఒప్పించి, కుడి అంచుకు జరిపి, లేచి కుర్చీ ఇచ్చింది.